బాగుండారా? – కుశలప్రశ్న వెనుకటి కథ

కార్తీక సోమవారాలలోను, మహాశివరాత్రినాడును యాగంటి క్షేత్రం జనంతో నిండిపోతుంది. బనగానపల్లెకు పది పన్నెండు కిలోమీటర్ల దూరాన, ఎర్రమల కొండల ఒడిలో ఉన్న ఈ ఉమామహేశ్వర సన్నిధికి నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ ప్రాంతాల పల్లెలవారు బళ్ళు కట్టుకొని వచ్చిన కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు బస్సులలోను, ఆటోలలోను వస్తున్నారు. వాహనాలు మారినా పుష్కరిణి మెట్లమీద జరిగే సంభాషణ మాత్రం మారలేదు. కొండలోనుండి వచ్చే చల్లని నీటిలో మునిగి, తడిబట్టలతో పైకి వచ్చిన మనిషి ఎదురయిన చుట్టాన్ని చూచి ముందుగా అనే మాట "బాగుండారా?" అన్నదే. దానికి వచ్చే జవాబు కూడ దాదాపు ఎప్పుడూ ఒక్కటే. "ఆఁ, ఏదో ఉండాం. మీరు బాగుండారా?"

కాకి అరిస్తే చుట్టం వస్తాడని తెలుగునాట నమ్మకం. యాగంటిలో కాకులు కనబడవు. తన తపస్సుకు భంగం కలిగించినందుకు అగస్త్యమహర్షి వాటిని శపించాడని స్థలపురాణం. చుట్టాల రాకను ముందుగా తెలిపే కాకి లేని ఈ చోటనే చుట్టాలు ఎక్కువగా కలుసుకొంటారు. మెట్టినింటికి పోయిన ఆడపడుచు పుట్టింటి ఊరివారిని చూచేది ఇక్కడ; వియ్యంకులు ఎదురుపడేది ఇక్కడ; చిన్ననాటి స్నేహితులు ఒకరినొకరు పోల్చుకొనేది ఇక్కడ. కుశలప్రశ్నను గురించి చెప్పుకోవడానికి ఇంతకంటె తగిన చోటు వేరే వెదుకనక్కరలేదు.

ప్రశ్న చిన్నది, జవాబు అంతకంటె చిన్నది. అడిగేవాడు నిజంగా వినడు, చెప్పేవాడు నిజం చెప్పడు, ఇది వట్టి మర్యాద అనేవారు ఉన్నారు. కాని మనవారు ఈ ప్రశ్నను ఎట్లా అడుగుతూ వచ్చినారో పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. కుశలప్రశ్న ఒకసారి అడిగి ఊరుకొనేది కాదు. రెండవసారి అడిగినప్పుడే అది ప్రశ్న అవుతుంది.

ముందు మాటల సంగతి చూతము. సంస్కృతంనుండి మనకు వచ్చిన "కుశలం" అన్న మాటకు పెద్దలు చెప్పే వ్యుత్పత్తి చమత్కారమైనది. కుశ అంటే దర్భ. దాని అంచు పదునుగా ఉంటుంది. చేయి తెగకుండ దర్భను కోసి తేగలిగినవాడు కుశలుడు, అనగా నేర్పరి. ఆ నేర్పునుండి క్రమంగా మేలు అన్న అర్థం వచ్చింది. "క్షేమం" అన్నది రక్షణకు సంబంధించిన మాట. భగవద్గీతలోని "యోగక్షేమం" అన్న పదానికి శంకరాచార్యులవారు భాష్యం చెప్పుతూ, లేనిదానిని పొందడం యోగమనీ, ఉన్నదానిని కాపాడుకోవడం క్షేమమనీ విడదీసినారు. కనుక యోగక్షేమాలు విచారించడం అంటే, "కొత్తగా ఏమి సమకూడింది? ఉన్నది నిలిచిందా?" అని రెండు ప్రశ్నలు వేయడమన్నమాట. 1956లో ఏర్పడిన జీవిత బీమా సంస్థ తన ఆదర్శవాక్యాన్ని ఆ గీతాశ్లోకంనుండే తీసుకొన్నది.

అయితే ఈ ప్రశ్నను అందరినీ ఒకే విధంగా అడిగే ఆచారం మన పూర్వులకు లేదు. మనుస్మృతి రెండవ అధ్యాయంలో దీనికొక విధి ఉన్నది. బ్రాహ్మణుని కుశలం అడగవలెనట. క్షత్రియుని అనామయం, అనగా రోగం లేకుండుటను అడగవలెనట. వైశ్యుని క్షేమం, శూద్రుని ఆరోగ్యం అడగవలెనట. పలకరింపులోనే అంతస్తు నిర్ణయమై పోయింది. ఒళ్ళు వంచి పనిచేసేవానికి ఒంటిని గురించిన ప్రశ్న ఒక్కటే మిగిలింది. పల్లెలలో ఈ భేదం మరొక రూపంలో చాలాకాలం నిలిచింది. కూలివాడు ఎదురుపడితే ఆసామి అడిగేది పని సంగతి. కూలివాడు చెప్పేది "అంతా మీ దయ" అన్న మాట. "బాగుండారా" అన్న బహువచనంలో గౌరవం ఉన్నది. "బాగుండావా" అన్న ఏకవచనంలో చనువు ఉండవచ్చును, అధికారమూ ఉండవచ్చును. ఏది ఉన్నదో గొంతునుబట్టి తెలియవలసిందే.

ఇతిహాసాలలో కుశలప్రశ్నకు మరొక ముఖం ఉన్నది. చిత్రకూటానికి వచ్చిన భరతుని రాముడు అడిగిన ప్రశ్నలతో అయోధ్యాకాండలో ఒక సర్గయే నిండి ఉన్నది. భారతంలో సభాపర్వం ఆరంభాన నారదుడు ధర్మరాజును అట్లాగే అడుగుతాడు. అందులో రాజు ఒంటి సంగతి తక్కువ. రాజ్యం సంగతి ఎక్కువ. చెరువులు నిండుగా ఉన్నవా? సేద్యం వానమీదనే ఆధారపడకుండ చూస్తున్నావా? రైతులకు తిండికి, విత్తనాలకు లోటు లేదు గదా? వారికి తక్కువ వడ్డీకి అప్పులిస్తున్నావా? పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయభట్టు సభాపర్వాన్ని తెలుగు చేసినప్పటినుండి ఈ ఘట్టం మనవారి చెవిన పడుతూనే ఉన్నది. రాజును "బాగున్నావా?" అని అడగడమంటే, నీ చెరువు బాగున్నదా, నీ రైతు బాగున్నాడా అని అడగడమే అన్న భావం ఇందులో ఉన్నది.

ఇక మన దేశ్యపదాల సంగతి. "బాగు" అచ్చతెనుగు. కోస్తాలో "బాగున్నారా" అంటారు. తెలంగాణంలో "మంచిగున్నరా" అంటారు. కర్నూలు, కడప సీమలలో "బాగుండారా" అంటారు. ఎండలు మండే ఈ దేశంలో మేలును చల్లదనంతో పోల్చడం సహజం. "చల్లగా ఉండు నాయనా" అన్నది దీవెన. "మీ చలవవల్ల బాగుండాం" అన్నది వినయం. "కులాసా" అన్నది పారసీక, అరబ్బీ భాషలలోని ఖులాసా నుండి దక్కనీ దర్బారుల వ్యవహారం ద్వారా వచ్చిన మాట. అక్కడ దానికి సారం, సంగ్రహం అని అర్థం. మన ఉత్తరాలలోకి వచ్చేటప్పటికి సుఖమన్న అర్థంలో స్థిరపడింది. యాగంటి ఉన్న నేల 1948 వరకు బనగానపల్లె నవాబుల సంస్థానంలోనిది. ఆ ఏడు అది మద్రాసు రాష్ట్రంలో కలిసి కర్నూలు జిల్లాలో చేరింది. 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉన్నది. ఇక్కడి పల్లెలలో హిందువులు, ముస్లిములు తరతరాలుగా మామా, అన్నా, అక్కా అని వరుసలు కలుపుకొని పిలుచుకొంటున్నారు. ముందు వరుస, తరువాత ప్రశ్న. వరుస కలపకుండ అడిగిన కుశలం పరాయివాని పలకరింపుగా ఉంటుంది.

ఇతర దేశాలలోనూ ఇట్టి పద్ధతులు కద్దు. ఇంగ్లీషువారు మొదటి పరిచయంలో "హౌ డు యు డు?" అంటే, దానికి జవాబుగా అదే ప్రశ్నను తిరిగి వేయడం మర్యాద. చీనావారు ఎదురుపడినప్పుడు "భోంచేసినావా?" అని అడిగే వాడుక ప్రసిద్ధం. మన సీమలోనూ "అన్నం తిన్యారా?" అన్నది కుశలప్రశ్నయే. కడుపు నిండడం ఏనాడూ ఖాయంకాని దేశాలలో ఆ ప్రశ్న పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

జవాబు అంత చిన్నదిగా ఎందుకుంటుంది? "చాలా బాగున్నాం" అని మనవారు సాధారణంగా అనరు. అంటే దిష్టి తగులుతుందని భయం. "బాగా లేము" అనీ అనరు. నిండు తిరునాళ్ళలో అశుభం పలుకరాదు. పైగా ఇంటిగుట్టు బయటపెట్టరాదు. ఈ రెండింటి నడుమ పుట్టినది "ఏదో ఉండాం" అన్న జవాబు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. వాకిలి తలుపు ఓరగా వేసి ఉంచడంవంటిది. లోపలికి రావలెనంటే వచ్చినవాడు మరొక మాట అడగవలె.

ఆ మరొక మాట ఎట్లా సాగుతుందో ఈ ప్రాంతపు సంభాషణ విన్నవారికి తెలుసు.

"బాగుండావా మామా?"

"ఏదో ఉండాం అల్లుడా."

"మీ పక్క వానలు పడినాయా?"

"పడినాయి గాని పదును సాలలేదు."

"ఎద్దులు బాగుండాయా?"

"ఒగదాన్ని అమ్మినాలే."

మొదటి ప్రశ్నకు బయటపడని కష్టం మూడవ ప్రశ్నకు బయటపడింది. నల్లరేగడిలో శనగ, జొన్న వేసుకొనే రైతుకు పదును చాలకపోవడమంటే విత్తనం వృథా కావడం. జతలో ఒక ఎద్దును అమ్మడమంటే రానున్న సేద్యాన్నే వదులుకోవడం. ఇంతటి సంగతి "ఏదో ఉండాం" అన్న రెండు మాటల వెనుక దాగి ఉన్నది. అల్లుడు మొదటి జవాబుతో తృప్తిపడి దర్శనానికి వెళ్ళిపోయి ఉంటే అది తెలిసేది కాదు.

ముఖాముఖిగా అడగలేని దూరాలలో ఈ బాధ్యతను ఉత్తరాలు వహించినవి. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే" అన్న సామెత ఊరక పుట్టలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి అయిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో బయలుదేరి, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరుకొన్నారు. దారి విశేషాలను ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారి కోసం వ్రాస్తూ వచ్చినారు. అవే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయినవి. మనిషి క్షేమంగా ఉన్నాడనడానికి అంత దూరంనుండి అందే గుర్తు కాగితం ఒక్కటే అయిన కాలమది.

1879లో కాలణా పోస్టుకార్డు వచ్చిన తరువాత ఆ గుర్తు పేదవానికి కూడ అందుబాటులోకి వచ్చింది. కార్డు వ్రాసేవారు పైన "క్షేమం" అని ముందే వ్రాసి, ఆపైన ఊరు, తేదీ వేసేవారు. చదువు రానివారి ఇంటికి కార్డు వస్తే, చదివిపెట్టే మనిషి దొరికేదాకా గుండె కొట్టుకొంటూ ఉండేది. పైనున్న ఆ ఒక్కమాట చూచి, "భయం లేదు, క్షేమమే" అని ముందుగా చెప్పి, తరువాత తక్కినది చదివేవారు. "ఉభయకుశలోపరి" అన్న మాటకు అర్థం కూడ అదే. ఇరుపక్కల కుశలం చెప్పుకొన్న పిమ్మటనే అసలు సంగతి. "ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీ క్షేమసమాచారాలు తెలుపవలెను" అన్న వాక్యం ఎందరి ఉత్తరాలలోనో మారకుండ కనబడుతుంది. మారకపోవడమే దాని బలం. ఏనాడైనా ఆ వాక్యం లేని కార్డు వస్తే, ఇంట్లోవారు మిగిలినది చదవకముందే గ్రహించేవారు. టెలిగ్రాములో మాటకింతని రుసుము గనుక అందులో కుశలప్రశ్నకు చోటు లేదు. అందుకే దానిని చూస్తేనే పల్లెలవారు జడిసేవారు. ఆ తంతి సౌకర్యం 2013 జూలైలో మన దేశంలో నిలిచిపోయింది.

ఇంతవరకు వ్యక్తులు వ్యక్తులను అడిగిన సంగతి. ఒక దేశాన్నంతా "బాగున్నారా?" అని అడగవలసి వచ్చిన రోజులు ఈ సీమకు పలుమార్లు వచ్చినవి. 1866 కరువులో ఆళ్ళగడ్డ ప్రాంతంలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు వేలమందికి గంజి కాచిపోయించి ప్రాణాలు నిలబెట్టినారు. విక్టోరియా రాణి పేరిట ఆయనకు బంగారు పతకం వచ్చింది. దానికంటె గొప్పగా జనం ఆయనమీద పాటలు కట్టుకొని పాడుకొన్నారు. ఆ తరువాత పదేండ్లకు ధాత కరువు వచ్చింది. ధాతనామ సంవత్సరంలో, అనగా 1876లో మొదలయిన ఆ కరువు 1878 వరకు దక్షిణదేశాన్ని పీడించింది. మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. 1871, 1881 జనాభా లెక్కల నడుమ ఆ జిల్లా జనాభా దాదాపు నాలుగవ వంతు తగ్గిపోయింది.

ఆ కరువులో ఇండియా ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువుపనులలో రోజంతా పాటుపడేవానికి ఒక పౌను ధాన్యం, దానికి తోడు కొద్దిపాటి పైకం చాలునని నిర్ణయించినాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. పనిచేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమీషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించినాడు. ఒకరు ఖజానాను చూచి లెక్క వేసినారు. మరొకరు మనుషుల శరీరాలను చూచి అడిగినారు. ప్రజల బాగును గురించి దొరతనంవారిలోనే రేగిన వాదమిది.

1880లో కరువు కమీషను నివేదిక వచ్చింది. దానిమీదట రాష్ట్రాలలో కరువు నిబంధనలు ఏర్పడినవి. కరువు ముంచుకొని రాకముందే గుర్తుపట్టడానికి అధికారులు గమనించవలసిన లక్షణాలు వాటిలో చేర్చినారు. ధాన్యం ధరలు పెరగడం, అప్పు పుట్టకపోవడం, భిక్షం వేసేవారు తగ్గిపోవడం, జనం ఊళ్ళు విడిచి తిరగడం, నేరాలు హెచ్చడం - ఇవి ఆ లక్షణాలు. ఈ పట్టికను యాగంటి మెట్లమీది సంభాషణ పక్కన పెట్టి చూస్తే పోలిక తెలుస్తుంది. వానలు పడినాయా, గింజ ఏ ధర పలుకుతున్నది, అప్పు పుడుతున్నదా, ఎద్దును ఎందుకు అమ్మినావు, ఊరిలో ఎవరెవరున్నారు, ఎవరు వలస పోయినారు - మన పల్లెటూరి మనిషి రెండవసారి, మూడవసారి అడిగే ప్రశ్నలు ఇవే. లక్షలమంది పోయిన పిమ్మట ప్రభుత్వం కాగితంమీద పెట్టిన ప్రశ్నలను చుట్టాలు ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు. కాని అడిగినవానికి తీర్చే శక్తి లేకపోయింది. శక్తి ఉన్నవారు సకాలంలో అడగలేదు. ధాత కరువు మిగిల్చిన దుఃఖమంతా ఈ రెండింటి ఎడంలోనే ఉన్నది.

నేడు అంతటి కరువు లేదు. చౌకధరల దుకాణాలు ఉన్నవి, రోడ్లు ఉన్నవి. ఆళ్ళగడ్డలోని తల్లి బెంగళూరులో ఉన్న కొడుకును ప్రతి సాయంత్రమూ ఫోనులో ముఖం చూచి పలకరించగలదు. కడపలో ఆకాశవాణి కేంద్రం వెలసిన 1963 నుండి రేడియో కూడ ఈ సీమ ఇండ్లలో పలకరించే గొంతుగా ఉన్నది. రేడియో అడిగే కుశలానికి జవాబు అక్కడికక్కడ వినబడదు. అది శ్రోతల ఉత్తరాలలో వస్తుంది. అందుకే ఆ ఉత్తరాలకు అంత విలువ.

అయినా అడగడం సులభమయిన కొద్దీ మొదటి జవాబుతోనే తృప్తిపడడమూ ఎక్కువయింది. అప్పుల బాధకు తాళలేక ప్రాణం తీసుకొన్న రైతును గురించి ఇరుగుపొరుగువారు "నిన్న కూడ బాగుండానన్నాడే" అని విలపించడం మనం వింటూనే ఉన్నాము. వారిలో తప్పు లేదు, వారు అడిగినారు. ఆయన తరతరాల మర్యాద ప్రకారమే బదులు చెప్పినాడు. కాని ఆ మర్యాద పుట్టినప్పుడు దానికి తోడుగా రెండవ ప్రశ్న ఉండేది. తీరిక లేక ఆ రెండవ ప్రశ్న జారిపోయి, మొదటిది ఒక్కటే మన నాలుకమీద మిగిలింది.

జబ్బుపడినవారిని చూడబోయినప్పుడు, పరీక్ష తప్పిన పిల్లవాని పలకరించినప్పుడు, కొత్తగా కాపురానికి పోయిన ఆడపిల్లతో ఫోనులో మాట్లాడినప్పుడు కూడ ఇదే వర్తిస్తుంది. "ఎట్లున్నావు?" అంటే "బాగుండా" అంటారు. రాత్రి నిద్ర పట్టిందా అనీ, అన్నం సయిస్తున్నదా అనీ, తోడుగా ఎవరున్నారనీ మెల్లగా అడిగితే మరొక జవాబు వస్తుంది. దానికి పెద్ద చదువు అక్కరలేదు. ఇంకొక నిమిషం నిలబడే ఓపిక ఉంటే చాలును. వినిన కష్టాన్ని తీర్చే శక్తి మనకు లేకపోవచ్చును. అట్టి శక్తి ఉన్నవారి చెవిన వేయవచ్చును. అదీ కాకపోతే, చెప్పుకొన్నందువల్ల ఆ మనిషి గుండెబరువు కొంత తగ్గుతుంది. "ఏదో ఉండాం" అన్న మాట వినబడినప్పుడు తల ఊపి ముందుకు సాగక, వానల సంగతి, ఎద్దుల సంగతి, పిల్లల సంగతి అడగడం మన పెద్దలు నేర్పిన పద్ధతి. దానిని మరవకుండ ఉండడం మన చేతిలోని పనియే.